చేప నోరు తెరిస్తే

మా వియ్యంకుడు పోయాడు. మొన్న శుక్రవారం పొద్దున, మన సూరత్ భేస్తాన్‌లో తన ఇంట్లో, కిటికీ పక్కన మంచం మీద. ఈ సంగతి మీకు తెలియనిది కాదు. ఆ మర్నాడే మన తెలుగు సంఘం హాలులో సంతాప సభ పెట్టి, చాయ్ బిస్కెట్లతో సహా అందరూ బాధపడ్డారు. ఆ సభలో కార్యదర్శిగారు మైకు అందుకుని, "తలావ్‌లోని మూగజీవాలకు తన చేతులతో తిండి పెట్టిన అన్నదాత ఇక లేరు" అన్నారు. వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు కూడా.

ముందు ఆ తప్పు దిద్దాలి. పిల్లల పరీక్ష పేపర్లు దిద్ది బతికినదాన్ని, ఎర్ర సిరా ఎండిపోయినా చెయ్యి ఊరుకోదు. ఆయన ఆ చెరువులో చేపలకు తిండి పెట్టినవాడు కాదు. మిమ్మల్ని పెట్టనివ్వనివాడు. మన కాలనీలో ఆయన చేత తిట్లు తినని ఇల్లు లేదు, మా ఇంటితో సహా. బతికున్నప్పుడు ఆయన కనబడితే సంచి వీపు వెనక దాచుకున్నవాళ్లే చనిపోగానే అన్నదాతను చేసేశారు. మనిషి ఇక జవాబు చెప్పలేడన్న ధైర్యం ఎంత పని చేయిస్తుందో చూడండి.

ఇంటింటికీ పంచే కరపత్రానికి ఆయన గురించి నాలుగు మాటలు రాయమని నన్ను అడిగారు. ఇదే ఆ కరపత్రం. దీని వెనక పేజీలో ఇంకొకరు రాసిన ఆహ్వానం కూడా అచ్చవుతుందట: ఆదివారం పొద్దున ప్రతి ఇంటి నుంచీ ఒక గిన్నెడు గోధుమపిండి ఉండలు తెచ్చి, ఆయన పేరు తలుచుకుని తలావ్‌లో చేపలకు వేయాలి. దాని జోలికి తరువాత వస్తాను. అంతవరకు కాగితం తిప్పకండి.

ఆయన మా చిన్నమ్మాయి మామగారు. కెమిస్ట్రీలో డిగ్రీ. ఆ మాట తనే ఎక్కువసార్లు చెప్పేవాడు. వరంగల్ పక్క పల్లె నుంచి సూరత్ వచ్చి, సచిన్ పారిశ్రామికవాడలో ఒక మిల్లు తరువాత ఒక మిల్లులో డైయింగ్ మాస్టరుగా బట్టలకు రంగులు పట్టించాడు. రంగు కుదరాలంటే ముందు నీళ్లు కుదరాలి కాబట్టి లోకంలో ప్రతి విషయాన్నీ నీళ్ల దగ్గర మొదలుపెట్టే జబ్బు ఆయనకు పట్టుకుంది. మా అమ్మాయి పెళ్లిలో పప్పు ఉడకలేదు. మగపెళ్లివారు ఆ సంబరంలో వంటవాణ్ణీ, మమ్మల్నీ, మా వంశాన్నీ వరసగా తలుచుకుంటుంటే ఈయన మాత్రం వంటపాకలోకి వెళ్లి గుండిగలో నీళ్లు పుడిసిట పట్టి నోట్లో పోసుకుని, "పప్పు మంచిగనే ఉన్నది చెల్లె, మీ బోరు నీళ్లే మొండియి" అని తేల్చాడు. ఆడపెళ్లివారి పరువు కాపాడిన వియ్యంకుడని మావాళ్లు ఎంతగా మెచ్చుకున్నారో! నాకు మాత్రం ఒళ్లు మండింది. మా పప్పును ఏమన్నా అనండి, మా బోరును ఎందుకంటారు?

ఎవరింటికి వెళ్లినా మంచినీళ్ల గ్లాసు అందుకుని, వాసన చూసిగానీ తాగేవాడు కాదు. చాయ్ పెడితే రెండు గుక్కలు తాగి మునిసిపాలిటీ ఏ ట్యాంకు నుంచి వదిలిందో చెప్పేవాడు. అది నిజమో కాదో ఎవరం చూశాం? అంత ధీమాగా చెబితే ఎవరైనా నమ్ముతారు. ఇలాంటి మనిషితో వియ్యమందడం ఎలా ఉంటుందో మీరు ఊహించుకోగలరు. నేనూ బడిలో సైన్సు చెప్పినదాన్నే కాబట్టి మా సంభాషణలు కుశలప్రశ్నలతో మొదలై గట్టి నీళ్లు, మెత్తటి నీళ్ల మీద తగువుతో ముగిసేవి. మా అమ్మాయి ఒక కన్ను గడియారం మీద వేసి మా ఇద్దరి మధ్యకు చాయ్ తెచ్చేది, యుద్ధభూమికి అంబులెన్సు వచ్చినట్టు.

రిటైరైన తరువాత ఆయనకు తిట్టడానికి మిల్లు కూలీలు లేకుండా పోయారు. మన సొసైటీల వెనకాల తలావ్ దొరికింది.

దాంట్లో బొచ్చెలూ రోహులూ ఎప్పటినుంచో ఉన్నాయి, ఎవరు వదిలారో తెలియదు. వాటిని పోషించే భాగ్యం మాత్రం ఊరంతటికీ ఉంది. శనివారం వస్తే గ్రహం బాగాలేని ప్రతివాడూ పిండి ఉండలతో హాజరు. శని ఆకాశంలో, చేప నీళ్లలో, మధ్యలో ఈ పెద్దమనిషి గోధుమపిండి. ఆ లెక్క చెప్పిన జ్యోతిష్కుడెవరో నాకు కనబడితే బెంచీ ఎక్కిస్తాను. ఆదివారం పిల్లలతో వచ్చేవాళ్లు మరో రకం. వాళ్లు తినగా మిగిలిన ఫాఫ్డా, సేవ్, ఖమణ్, బూజు పట్టిన పావు, అన్నీ నీళ్లలోకే. చెత్తబుట్టలో వేస్తే పారేయడం అవుతుంది, చెరువులో వేస్తే పుణ్యం అవుతుంది. సూరత్‌లో తిని కాశీలో పోవాలని ఇక్కడివాళ్ల సామెత. మన చేపలకు అంత దూరం వెళ్లే శ్రమ లేకుండా రెండూ ఇక్కడే జరిపిస్తున్నాం.

ఆయన పద్ధతి వేరు. పొద్దెక్కి ఎండ నీళ్లలోకి దిగాక వచ్చేవాడు. ముందు చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి దాకా నీళ్లలో ముంచేవాడు. అరచెయ్యి మసగ్గా కనబడితే సరే. అస్సలు కనబడకపోతే నీళ్లు మరీ పచ్చబడ్డాయని, ఆ రోజు మేత బంద్. మబ్బు పట్టినా బంద్. గట్టున వెదురుకు కట్టిన చిల్లుల సంచి ఒకటి నీళ్లలో వేలాడేది. నానబెట్టిన పల్లిచెక్క, తవుడు అందులో వేస్తే చేపలు చిల్లుల్లోంచి లాక్కుని తినేవి. సాయంత్రం సంచి పైకి తీసి చూసేవాడు. అడుగున కాస్త మిగిలినా మరునాడు ఉపవాసమే.

"పస్తుంటే చేప సావది చెల్లె. మిగిలిందే సంపుతది" అనేవాడు.

ఇలా రోజంతా కలిపి ఆయన వేసేది మన ఇళ్లలో ఒక పిల్లాడు కంచంలో వదిలేసేంత. తక్కిన కాలమంతా రెయిలింగు దగ్గర నిలబడి మీ చేతుల్లో సంచులు లాక్కోవడమే. వీడియో తీసుకోవడానికి వచ్చిన ఒక జంట చేతిలో మురమురాల పొట్లం లాక్కుని, వాళ్లు చూస్తుండగానే తను నమిలి పారేశాడు. "నాకు వెయ్యిన్రి పుణ్యం, నేను గుడ జీవినే" అన్నాడట. ఇదీ మీ అన్నదాత.

అందరూ చేసే ఒక పొరపాటు ఉంది. అది చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే. తెల్లవారే వేళ తలావ్ దగ్గరికి వెళితే చేపలు పైకి వచ్చి, మూతులు నీళ్ల మీద పెట్టి, నోళ్లు తెరుస్తూ మూస్తూ కనబడతాయి. చూసినవాళ్లకు ప్రాణం కరిగిపోతుంది. పాపం ఎంత ఆకలి, మన కోసమే ఎదురు చూస్తున్నాయి అని సంచి విప్పుతారు. శనివారం పిండి ఉండలు తెచ్చే పక్క సొసైటీ గుజరాతీ బెన్ కూడా అదే అంది, కళ్లలో నీళ్లతో: "కాకా, భూఖీ హై బేచారీ." ఆయన రెయిలింగు మీద ఉంగరం టకటకా కొట్టి, "బెన్, భూఖ్ నహీ. హవా" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. మనవాళ్లకు తెలుగులో చెప్పినా అర్థం కాలేదు.

"గది ఆకలి గాదు. గాలి."

పగలు ఎండ ఉంటే నీళ్లలోని నాచే ప్రాణవాయువు చేసి పెడుతుంది. రాత్రంతా ఆ నాచు, కుళ్లిన మెతుకు, చేప, అన్నీ కలిసి ఉన్న ప్రాణవాయువును పంచుకుంటాయి. తెల్లవారేసరికి అడుగంటుతుంది. చేప పైకి వచ్చి నోరు తెరిచిందంటే ఊపిరాడటం లేదని. ఆ నోట్లో మనం ఇంకో ఉండ వేస్తాం. అది తినదు, ఉండ అడుక్కి పోతుంది, కుళ్లుతుంది, మరునాడు గాలి ఇంకాస్త తగ్గుతుంది, చేప ఇంకాస్త పెద్దగా నోరు తెరుస్తుంది, మన దయ ఇంకాస్త పెరుగుతుంది. ఏడో తరగతి పిల్లలకు దీన్ని బొమ్మ వేసి చెబితే అర్థమైంది. మన సంఘం కార్యవర్గానికి బొమ్మ వేసినా లాభం లేకపోయింది.

ఆ ఏటి పెత్రమాస, పెద్దల అమావాస్య, గుర్తుందా? మీకు గుర్తుండదు, ఆ రోజు తరువాత చాలామంది దాన్ని మరిచిపోవడానికి శ్రద్ధగా కృషి చేశారు. నాలుగు రోజులుగా ముసురు, గాలి కదలదు. పక్క సొసైటీల వాళ్ల శ్రాద్ధాల ఖీర్‌పూరీ పక్షమంతా నీళ్లలోకే పోతూ ఉంది. మనవాళ్లు పెద్దలకు బియ్యమిచ్చి, వండిన అన్నం ముద్దలు చేసి తెచ్చారు. ముందురోజే పాత పూలదండలు ఎవరో దయతో గంగలో కలిపినట్టు కలిపి పోయారు. ఆ పొద్దున చేపలన్నీ పైన. గట్టు పొడుగునా నోళ్లే. మన కార్యదర్శిగారు, అప్పట్లో ఇంకా ఉపకార్యదర్శి, చేతులు జోడించి, "చూసిన్రా, పెద్దలు నోరు తెరిచి అడుగుతున్నరు" అన్నారు. ఇక ఆగేవాడెవడు? పితృదేవతలే స్వయంగా అడుగుతుంటే లేదనడానికి మనమెవరం? ముద్ద మీద ముద్ద.

మా వియ్యంకుడు బనీను మీదే పరుగెత్తుకొచ్చాడు. ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని ఆపబోయాడు. గొంతు చించుకున్నాడు. ఆయన్ని నాస్తికుడన్నారు, తద్దినం రోజున అపశకునమన్నారు, పెద్దల నోటికాడి కూడు తీస్తున్నాడని ఒకావిడ శాపనార్థాలు పెట్టింది. ఆయన అలసిపోయి మెట్ల మీద కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. మేమిద్దరం ఒక విషయంలో ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

మరునాటికి తలావ్ అంతా తెల్లటి పొట్టలు. పుణ్యం తేలింది.

పెద్దలు నోరు తెరిచారన్నవాళ్లు ముక్కుకు చేతిగుడ్డ పెట్టుకుని వేరే దారిన బస్సుకు వెళ్లారు. మధ్యాహ్నానికి ఒక వదంతి పుట్టింది, మిల్లుల విషం వదిలారని. ఎంత హాయి అయిన మాట అది! అందరి మొహాలూ తేటపడ్డాయి. ఆ మాటకు సాక్ష్యం చెప్పమని డైయింగ్ మాస్టరు దగ్గరికే వచ్చారు. మిల్లుల మీద కోపం ఉండాల్సిన మనిషి ఎవరైనా ఉంటే ఆయనే. ఆ ఆవిర్లు పీల్చి పీల్చి అప్పటికే మెట్లెక్కితే ఈల వేసినట్టు ఊపిరి తీసేవాడు. అయినా చెయ్యి ముంచి, వాసన చూసి, "మిల్లు జేసే పాపం మిల్లు జేస్తది. ఇది మాత్రం మనం పెట్టిన కూడే" అన్నాడు. ఇలాంటి మాట అన్నవాణ్ణి ఏ సంఘం క్షమిస్తుంది? ఆ ఏడు దసరా సన్మానాల్లో ఆయన పేరు కొట్టేశారు.

చచ్చిన చేపల్ని మా అమ్మాయి పాత దోమతెరతో ఆయనా నేనూ మా అల్లుడూ గట్టుకు లాగాం. మీరెవరూ రాలేదని దెప్పడానికి రాయడం లేదు. దెప్పడానికే రాస్తున్నాను.

తలావ్ మధ్యలో ఫౌంటెన్ ఉంది. తోట కమిటీవాళ్లు దాన్ని సాయంత్రాలు వేసేవారు, రంగు దీపాలతో, మీ ఫొటోల కోసం. పగలంతా ఎండ తిన్న నీళ్లలో సాయంత్రానికి గాలికి కొదవే లేదు. ఊపిరాడని తెల్లవారుజామున ఫౌంటెన్‌కు విశ్రాంతి. అంటే కడుపు నిండినవాడికి విస్తరి వేసి, ఆకలైనవాడికి తలుపు వేసినట్టు. ఆ మోటారు తెల్లవారుజామున వేయించడానికి ఆయన ఎంతమంది చుట్టూ తిరిగాడో చెబితే మీకు విసుగు. చివరికి వాచ్‌మన్ దగ్గర తాళంచెవి తీసుకుని వేసుకోవడానికి నోటిమాటగా ఒప్పుకున్నారు, రోజూ తనే వచ్చి వేయాలన్న షరతుతో. ముసలాడు నాలుగు రోజులు వచ్చి మానేస్తాడనుకున్నారు.

మానలేదు. చలికాలం మఫ్లరు, వానాకాలం గొడుగు. పైపు చివరి జాలీ కడిగి మోటారు వేసేవాడు, నీళ్లు పైకి లేచి పడటం మొదలయ్యేది. రెయిలింగు పట్టుకుని నిలబడి చూసేవాడు. కాసేపటికి ఒక నోరు మూసుకుని లోపలికి పోయేది. తరువాత ఇంకొకటి. అన్నీ పోయి నీటి మీద వట్టి అలలే మిగిలాక చాయ్‌కి వచ్చేవాడు. నాకు ఆయనలో నచ్చిన విషయం ఇది ఒక్కటే, అందుకే వివరంగా రాశాను.

ఈ వానాకాలం ఆ ఈల గొంతు నుంచి ఛాతీలోకి దిగింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు, ఆక్సిజన్ మిషనుతో. ఇక మీ రాకలు మొదలు. రోగిని చూడటానికి వట్టి చేతులతో రాకూడదు గదా. యాపిల్ పళ్లు, కొబ్బరి బోండాలు, గ్లూకోజు, హార్లిక్సు, ఒకరింటి నుంచి సర్వపిండి కూడా. మంచం చుట్టూ గట్టు కట్టినట్టు నిలబడ్డారు. కిటికీకి అడ్డంగా ముగ్గురు. ఆయన గాలి కోసం నోరు తెరిచాడు. "నోరు తెరుస్తున్నడు, ఆకలైతున్నది" అంటూ ఎవరో చెంచాతో జావ పోశారు. పొలమారింది. దగ్గు ఆగి మళ్లీ నోరు తెరవగానే ఇంకో చెంచా సిద్ధం. పాపం, చివరి కోరిక.

ఆయన చెయ్యెత్తి అడ్డం పెట్టాడు. రెయిలింగు దగ్గర మీ సంచులకు అడ్డం పెట్టిన చెయ్యే. మీరెవరూ గుర్తుపట్టలేదు.

అప్పుడు నేను అన్న మాటలు నా వయసుకు తగినవి కావని మా అమ్మాయి అభిప్రాయం. గది ఖాళీ అయింది, అది ముఖ్యం. కిటికీ బార్లా తెరిచి, తలకింద దిండ్లు ఎత్తు చేసి, గిన్నెలన్నీ వంటింట్లోకి పంపాను. ఆయన కాస్త తేరుకున్నాడు. నా వైపు చూసి, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ అడిగాడు.

"చెల్లె, మోటర్... ఏసిన్రా?"

"నేనే ఏసొచ్చిన అన్నా. జాలీ గుడ కడిగిన."

"లోపలికి... పోయినయా?"

"అన్నీ పోయినయి."

తల ఊపాడు. ఆ తరువాత నీళ్లు అడిగాడు. గ్లాసు నోటిదాకా తీసుకెళితే ముందు వాసన చూశాడు. ఇంత జరిగినా! ఆ గ్లాసు ఆయన మొహాన కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. ఇప్పుడు మా ఇంట్లో నీళ్లను అనుమానించేవాళ్లు ఎవరూ లేరు. ఎవరొచ్చినా గ్లాసు ఎత్తి గటగటా తాగేసి పోతున్నారు. మర్యాదస్తులు.

ఇప్పుడు కాగితం తిప్పండి.

మన కాలనీలో ఎన్ని ఇళ్లో మీకు తెలుసు. ఇంటికో గిన్నెడు పిండి. పైన చూడండి, వారం రోజులుగా ఎండ లేదు. పెత్రమాస నాటి ముసురే ఇది. నిన్న పొద్దున నేను చెయ్యి ముంచితే అరచెయ్యి కనబడలేదు. ఆ రోజు చచ్చినవి పోగా మిగిలిన చేపలు ఇవి, ఆయన ఒక్కొక్క పొద్దునా నిలబడి ఊపిరి పోసి నిలిపినవి. ఆదివారం మీ పిండి నీళ్లలో పడితే సోమవారానికి ఒక్కటీ ఉండదు. ఆయన పేరు మీద ఆయన పని మొత్తం ఒక్క పూటలో చెరిపేయడానికి మన సంఘం తప్ప ఇంకెవరూ పూనుకోలేరు. అంతగా ఎవరికైనా పెట్టాలనిపిస్తే ఆ పిండితో రొట్టెలు చేసి మీ అత్తగార్లకు వేడివేడిగా పెట్టండి. వాళ్లు నోరు తెరిస్తే మాత్రం అది ఆకలే.

కార్యదర్శిగారూ, మీకొక చిన్న పని. ఆదివారం తెల్లవారకముందే లేవండి. నా మోకాళ్లు నిన్న పగటి నుంచి మెట్లు దిగనివ్వడం లేదు, అప్పటిదాకా మా అల్లుణ్ణి పంపుతాను, ఆదివారం ఆయనకు షిఫ్టు ఉంది. వాచ్‌మన్ దగ్గర తాళంచెవి అడగండి. సాయంత్రమే వేయమన్నారని సణుగుతాడు. మాస్టర్‌గారి వియ్యపురాలు పంపిందని చెప్పండి, ఇస్తాడు. వెళ్లేటప్పుడు ఇంట్లో ఒక పాత టూత్‌బ్రష్ జేబులో వేసుకోండి. మోటారు పైపు చివర జాలీకి పూలరేకులు పట్టి ఉంటాయి, ముందు వాటిని రుద్ది తీయాలి, లేకపోతే నీళ్లు లేవవు. స్విచ్ వేశాక ఫోన్ తీయకండి. రెయిలింగు పట్టుకుని నిలబడండి. నోళ్లన్నీ తెరిచే ఉంటాయి, మీకు దయ పుడుతుంది, చేతులు జేబుల్లో పెట్టుకోండి. ఆఖరి నోరు మూసుకుని లోపలికి పోయేదాకా ఉండి, తాళం వాచ్‌మన్‌కు ఇచ్చి, మా ఇంటికి రండి. చాయ్ ఇస్తాను. తాగే ముందు వాసన చూసినా ఏమీ అనను.